రక్తపుపోటు మాత్ర - అది చేయు పని

ఉదయకాలపు వార్తలు వినువేళకు కాఫీలోటా ప్రక్కన ఒక చిన్న తెల్లని మాత్రను సిద్ధముగా నుంచుకొను పెద్దలు నేడు మన యిండ్లలో ననేకులు గలరు. అది యేమి మాత్రయని యడిగినచో "బి.పి. మాత్ర" యని చెప్పుదురు. అట్టమీది పేరు కూడబలుకుకొని చదువుమన్నచో, పలువురి విషయమున అది అమ్లోడిపిన్ అని తేలును. పదియేండ్లుగా ప్రతిదినమును మ్రింగుచున్న వస్తువు దేహములో చొచ్చి యేమి చేయుచున్నదో తెలిసికొనవలెనని తోచకుండుట మనకు పరిపాటి. తెలియకున్నను పెద్ద నష్టము లేని మందులు కొన్ని కలవు. ఇది యట్టిది కాదు. దీని పనితీరు తెలియకపోవుటచేతనే కొందఱు దీనిని మధ్యలో మానివేయుచున్నారు. కొందఱు మానక, దానివలన కలిగిన యిబ్బందిని వేఱొక జబ్బని భ్రమించి రెండవ మందు, మూడవ మందు మ్రింగుచున్నారు. అందుచేత ఈ చిన్నమాత్రను గూర్చి కొంచెము విపులముగా ముచ్చటింపవలెనని మా యుద్దేశము.

మే మెఱిగిన యొక విశ్రాంతోపాధ్యాయులు మూడేండ్లు ఈ మాత్రను శ్రద్ధగా వాడిరి. ఒకనాడు పరీక్ష చేయించుకొనగా రక్తపుపోటు 128/80 అని వచ్చినది. "జబ్బు నయమైనది, ఇక మందేల?" యని వారు నిశ్చయించుకొని మాత్ర మానిరి. తలనొప్పి లేదు, తల తిరుగుట లేదు, మెట్లెక్కిన ఆయాసము లేదు. ఇంటివారును సంతోషించిరి. అయిదు నెలలు గడచినవి. ఒక తెల్లవారుజామున వారు భార్యను పిలువబోగా మాట ముద్దగా వచ్చినది, కుడిచేయి లేవలేదు. ఆసుపత్రిలో చూచునప్పటికి పైయంకె 200 దాటియున్నది. ప్రాణము దక్కినది, మాటయు చాలవఱకు వచ్చినది. కాని నలుబదియేండ్లు నల్లబల్లమీద ముత్యములవంటి యక్షరములు వ్రాసిన ఆ చేయి నేటికిని కలము పట్టజాలదు. మాత్ర మానుటవలననే పక్షవాతము వచ్చినదని యే వైద్యుడును ప్రమాణము చేసి చెప్పలేడు. కాని వారు మమ్ము జూచి యడిగిన ప్రశ్నను మేము మఱువజాలకున్నాము: "నాకు ఒక్క తలనొప్పియైన రాలేదే! వచ్చియుండిన మాత్ర వేసికొనియుందును గదా!"

ఈ వ్యాధి స్వభావమే యది. గుండె ముడుచుకొని రక్తమును తోయునపుడు ధమనుల గోడలపై పడు ఒత్తిడి మొదటి యంకె. గుండె విశ్రమించునపుడు మిగిలియుండు ఒత్తిడి రెండవ యంకె. వీనిని పాదరసపు మిల్లీమీటర్లలో కొలుతురు. వేర్వేఱు దినములలో కొలిచినను 140/90 గాని, అంతకు మించి గాని యున్నచో అధిక రక్తపుపోటని సామాన్యముగా నిర్ణయింతురు. అంత పోటున్నను చాలమందికి దేహములో నే బాధయు తెలియదు. తెలియకుండగనే ఏండ్లతరబడి మెదడులోని సన్నని నాళములు, మూత్రపిండములు, గుండెకండరము దెబ్బతినుచుండును. మన యుపాధ్యాయులకు వచ్చిన 128/80 అను అంకె మాత్ర వాడుచుండగా వచ్చిన యంకె. గొడుగు పట్టుకొని నడచువాడు తన బట్టలు తడియలేదు గనుక వాన వెలిసినదని తలచి గొడుగు ముడిచినట్లున్నది ఆ నిశ్చయము.

ఇక మాత్ర సంగతి. ఈ జాతి మందుల కథ లండను నగరములో ఒక కప్పగుండెతో మొదలైనది. అచ్చటి యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రిలో వైద్యుడైన సిడ్నీ రింగరు, దేహమునుండి వేఱుచేసిన కప్పగుండెను ఉప్పునీటితో ఎంతసేపు కొట్టుకొనునట్లు చేయవచ్చునో పరీక్షించుచుండెను. గుండె చక్కగా కొట్టుకొనుచుండెను. ఆ ఉప్పునీటిని బట్టియందు దిగిన శుద్ధజలముతో చేసిరని ఆయన నమ్మకము. తరువాత విచారింపగా సహాయకుడు కొళాయినీటితో చేసెనని తెలిసినది. నిజముగా శుద్ధజలముతో చేసి చూడగా గుండె కొలదిసేపటికే బలహీనపడి నిలిచిపోయినది. అయినచో కొళాయినీటిలో ఉండి శుద్ధజలములో లేనిదేమి? కాల్షియము. నీళ్ళు కాచిన పాత్రల యడుగున తెల్లగా పెచ్చుగట్టునట్టి సున్నపు లవణములలోని మూలద్రవ్యము. 1883లో రింగరు ఈ సంగతిని ప్రకటించెను. కాల్షియము ఎముకకే గాక, కండరము ముడుచుకొనుటకును కావలెనని అంతట తెలిసినది. ఒక సహాయకుని అశ్రద్ధవలన లోకమున కింత మేలు జరుగుట అరుదు.

మన దేహములోని కాల్షియములో నూటికి 99 పాళ్ళు ఎముకలలోను దంతములలోను గలవు. మిగిలిన ఆ స్వల్పభాగమే కండరములను నడిపించునది. కండరకణమునకు వెలుపలనున్న ద్రవములో కాల్షియము, కణము లోపలికంటె సుమారు పదివేల రెట్లు అధికముగా నుండును. నడుమ కణపుపొర అడ్డము. ఆ పొరలో మిక్కిలి సూక్ష్మములైన ద్వారములు గలవు. విద్యుత్ప్రేరణ తగిలినపుడవి క్షణమాత్రము తెఱచుకొనును. వెలుపల క్రిక్కిఱిసియున్న కాల్షియము లోనికి తోసికొని వచ్చును. అదియే కండరమునకు "ముడుచుకొనుము" అను ఆజ్ఞ. తరువాత కణము దానిని వెలుపలికి నెట్టివేయును, కండరము సడలును.

ధమనుల గోడలలో కూడ కండరము కలదు. అది నాళమును చుట్టి కట్టినట్లుండును. మనము చేయి ముడిచినట్లు దానిని మన యిచ్ఛచొప్పున ముడువలేము. చిన్నచిన్న ధమనులలో నీ కండరము అతిగా బిగిసియున్నచో నాళము సన్నబడును; రక్తమును నెట్టుటకు గుండె మఱింత ఒత్తిడి చూపవలసి వచ్చును. ఇచట నొక లెక్క జ్ఞాపకముంచుకొనదగినది. గొట్టపు వ్యాసము సగమైనచో, అదే ఒత్తిడితో దానిలో పాఱు ద్రవము సగమగుననుకొందుము. కాదు, పదునాఱవవంతునకు తగ్గిపోవును. కనుక నాళము కొంచెము సన్నబడినను పోటు చాల పెరుగును. కొంచెము వదులైనను పోటు తగినంతగా దిగును. అమ్లోడిపిన్ చేయునది ఈ "కొంచెము" మాత్రమే. అది ధమనీకండరపు ద్వారములయొద్ద నిలిచి లోనికి పోవు కాల్షియమును తగ్గించును. అన్ని ద్వారములను బిగించి మూయదు; అట్లు మూసినచో మనిషి బ్రదుకడు.

ఇట్టి మందులు గలవని గుర్తించిన ఘనత జర్మనీదేశమున ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయములో పనిచేసిన ఆల్బ్రెక్టు ఫ్లెకెన్‌ష్టయినుదని చెప్పుదురు. 1960 తరువాతి యేండ్లలో ఆయన వెరపమిల్ అను మందును గుండెకండరముపై ప్రయోగించి చూచెను. విద్యుత్ప్రేరణ యథాప్రకారము నడచుచున్నది. కాని కండరము మునుపటివలె ముడుచుకొనదు. చుట్టునున్న కాల్షియమును తీసివేసిన నెట్లుండునో అట్లే యున్నది. కాల్షియమును మఱల నధికముగా చేర్చగా బలము తిరిగివచ్చినది. అంతట నీ మందులకు కాల్షియపు విరోధులను పేరు వచ్చినది. ఆ పరిశోధనలో కండరము వెచ్చించు శక్తి లెక్కకు వచ్చినది. ఆ శక్తిని మోయు ఫాస్ఫేటు ద్రవ్యములను 1927, 1929 సంవత్సరములలో హార్వర్డునందు ఫిస్కెతో కలసి వెలికిదీసినవారు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారని ఇచట స్మరించుట అప్రస్తుతము కాదనుకొందుము.

ఈ కుటుంబములో వెరపమిల్, డిల్టియజెమ్ అనునవి గుండెమీద నెక్కువగా పనిచేసి దాని వేగమును తగ్గించును. నిఫెడిపిన్, అమ్లోడిపిన్ అనునవి ముఖ్యముగా నాళములమీద పనిచేయును. అమ్లోడిపిన్‌ను ఇంగ్లండులో కెంటు మండలమునందలి శాండ్విచ్ అను ఊరిలో ఫైజరు సంస్థవారి శాస్త్రజ్ఞులు రూపొందించిరి. 1992లో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి నిచ్చినది.

కాల్షియమును అడ్డగించు మందని విన్నతోడనే మన స్త్రీలకు సహజముగా నొక భయము కలుగును. ఎముకలు గుల్లబాఱునేమో, పాలు మానవలెనేమో, మోకాళ్ళకై వైద్యుడిచ్చిన కాల్షియము మాత్ర దీనికి విరుద్ధమేమో యని. ఈ భయమునకు కారణము లేదు. ఈ మందు ఎముకనుండి కాల్షియమును లాగదు. రక్తములోని కాల్షియమును తగ్గింపదు. కండరపు గుమ్మమునొద్ద ద్వారపాలకునివంటిదే గాని, ధాన్యపుకొట్టును దోచునది కాదు. పాలు, మజ్జిగ, రాగిజావ నిశ్చింతగా త్రాగవచ్చును.

ఈ మాత్ర మందకొడితనమే దీని సుగుణమని చెప్పినచో కొందఱికి వింతగా నుండవచ్చును. దీనికి పూర్వము వచ్చిన నిఫెడిపిన్ మెత్తని గుళికల రూపమున దొరకెడిది. పోటు హెచ్చుగా నున్నదనగానే ఆ గుళికను చిదిపి నాలుకక్రింద పోయుట ఒకప్పుడు మనదేశములోను పరదేశములలోను వాడుకగా నుండెను. నిమిషములలో అంకె దిగెడిది. చూచువారికి అద్భుతముగా నుండెడిది. కాని అంత త్వరగా పోటు పడిపోయినపుడు మెదడునకు, గుండెకు రక్తము చాలక కొందఱికి పక్షవాతమో గుండెపోటో వచ్చినది. 1995, 1996 సంవత్సరములలో అమెరికా వైద్యులు దీనిని గూర్చి గట్టిగా హెచ్చరించిరి; ఆ పద్ధతిని విడువవలసినదిగా జెప్పిరి. అంకెను దింపుట వేఱు, మనిషిని కాపాడుట వేఱు.

అమ్లోడిపిన్ అట్లు కాదు. మ్రింగిన తరువాత ఆఱు మొదలు పండ్రెండు గంటలకు గాని రక్తములో దాని పరిమాణము హెచ్చు కాదు. ఆ పరిమాణము సగమగుటకు 30 మొదలు 50 గంటలు పట్టును. ప్రతిదినము వాడగా ఏడెనిమిది దినములకు గాని దేహములో స్థిరపడదు. అందుచేత నేడు వేసికొని రేపు కొలిచి, "మందు పనిచేయలేదు" అనుట తొందరపాటు. ఒకపూట మఱచినను పోటు గభాలున పెరుగదు. మఱచిన సంగతి పండ్రెండు గంటలలోపల జ్ఞప్తికి వచ్చిన వెంటనే వేసికొనవచ్చును. అంతకు మించినచో ఆ పూట విడిచి మఱునాడు మామూలుగా నొక్కటే వేసికొనవలెను. రెండు కలిపి వేసికొనరాదు. అయితే ఈ సుగుణములోనే యొక మోసమున్నది. మానివేసినవానికి రెండుమూడు దినములు అంకె బాగుగనే యుండును. "చూచితిరా, మాత్ర లేకున్నను బాగున్నది" యని వాడు సంబరపడును. లోపలనున్న మందు ఇంకను తీరలేదని వాని కెట్లు తెలియును?

నిఫెడిపిన్ గుళికల వివాదము వలన ఈ కుటుంబమంతటిపైనను సందేహము కలిగినది. దానిని తీర్చినవి పెద్ద పరీక్షలు. ఉత్తర అమెరికాలో ముఖ్యముగా జరిగి 2002లో ఫలితములు ప్రకటింపబడిన యొక పరీక్షలో 55 ఏండ్లకు పైబడిన 33,357 మంది పాల్గొనిరి. మూత్రమును హెచ్చించు క్లోర్తాలిడోన్, అమ్లోడిపిన్, లిసినోప్రిల్ - ఈ మూటిని పోల్చి చూచిరి. గుండెపోటు విషయమున మూడును సమానముగనే తేలినవి. గుండె నీరసించు జబ్బు మాత్రము క్లోర్తాలిడోన్ వాడినవారికంటె అమ్లోడిపిన్ వాడినవారిలో నెక్కువగా కానవచ్చినది. 2005లో వెలువడిన మఱియొక పరీక్షలో, బ్రిటనులోను ఉత్తర ఐరోపాలోను 19,257 మందిని పరిశీలించిరి. అటెనొలాల్‌తో ఆరంభించినవారికంటె అమ్లోడిపిన్‌తో ఆరంభించినవారికి పక్షవాతము నూటికి 23 పాళ్ళు తక్కువగా వచ్చినది. మన యుపాధ్యాయుల కథ విన్నవారికి ఈ అంకె వట్టి అంకెగా తోచదు.

ఇక నీ మాత్రవలన కలుగు ఇబ్బందులలో ముఖ్యమైనదానిని చెప్పుదుము. అది పాదముల వాపు. ఉదయము సరిపోయిన చెప్పులు సాయంకాలమునకు బిగుతగును. చీలమండయొద్ద వ్రేలితో నొక్కిన గుంట పడును. ఇంటిల్లిపాదికి భయము: మూత్రపిండములు చెడినవా? గుండె నీరసించినదా? నిజమునకు చాలమందిలో జరుగునది వేఱు. రక్తమును తెచ్చు సన్నని ధమనులను ఈ మందు వదులుచేయును. తీసికొనిపోవు సిరలను అంతగా వదులుచేయదు. వచ్చు కాలువ వెడల్పై, పోవు కాలువ ఇఱుకుగనే యున్నచో మళ్ళలో నీరూరునట్లు, నడుమనున్న కేశనాళికలలో ఒత్తిడి పెరిగి నీరు కండలోనికి ఊరును. దేహములో నీరు హెచ్చుటవలన వచ్చిన వాపు కాదిది. నీరు తప్పుచోట చేరుటవలన వచ్చినది. 5 మిల్లిగ్రాముల మోతాదులో తక్కువగను, 10 మిల్లిగ్రాముల మోతాదులో నెక్కువగను, పురుషులకంటె స్త్రీలలో నధికముగను కనబడును.

ఈ భేదము తెలియక జరుగు పొరపాటు మిక్కిలి విచారకరము. వాపు చూచి, మూత్రము జాఱీచేయు మాత్ర నొకదానిని చేర్తురు. అది ఈ వాపును సరిగా తీయదు; రాత్రి నాలుగుసార్లు లేపును. ముసలివారు చీకటిలో లేచి పడుదురు. రక్తములో పొటాసియము తగ్గును, కాళ్ళు తిమ్మిరులెక్కును. దానికి మఱియొక మందు. ఇట్లు ఒక మాత్ర చేసిన పనికి నాలుగు మాత్రలు కాపలా కాయును. వాపు కలిగినపుడు చేయవలసినది, "నేను అమ్లోడిపిన్ వాడుచున్నాను, ఫలానా నెలనుండి వాడుచున్నాను" అని వైద్యునకు ముందుగా చెప్పుట. ఆయన గుండెను, మూత్రపిండములను, కాలేయమును పరీక్షించి అవి బాగున్నవని నిశ్చయించుకొన్న తరువాత మోతాదు తగ్గించును. లేదా టెల్మిసార్టాన్ వంటి మందును జతచేయును. అట్టి మందులు సిరలనుగూడ వదులుచేయునవి గనుక వాపు తగ్గును, పోటును దిగును. ఒకే కాలు వాచి నొప్పిచేసినచో, లేదా వాపుతో ఆయాసము కలిగినచో అది వేఱు సంగతి. ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

మొదటి దినములలో తలనొప్పి, ముఖము వేడెక్కినట్లుండుట కొందఱికి కలుగును, కొలదికాలమునకు తగ్గును. ఎప్పుడైన నొకరికి పంటిచిగుళ్ళు ఉబ్బును. పండ్లవైద్యునకు ఈ మాత్ర పేరు చెప్పుట మఱువరాదు. కొవ్వు తగ్గుటకు సింవాస్టాటిన్ వాడువారు దీనితో కలిపి దినమునకు 20 మిల్లిగ్రాములకు మించి దానిని వాడరాదు. కాలేయపు జబ్బు గలవారికిని, మిక్కిలి వృద్ధులకును 2.5 మిల్లిగ్రాములతో నారంభింతురు.

పండ్ల ప్రసక్తి యొకటి కలదు. 1989లో కెనడాదేశపు పరిశోధకులు, ఈ జాతిదే యైన ఫెలోడిపిన్ మీద సారాయి ప్రభావమును పరీక్షించుచు, సారాయి రుచి తెలియకుండుటకు గ్రేప్‌ఫ్రూట్ రసములో కలిపి యిచ్చిరి. రక్తములో మందు ఊహించినదానికంటె ఎన్నో రెట్లు పెరిగినది. దోషము సారాయిది కాదు, పండుది! అమ్లోడిపిన్ విషయమున ఈ ప్రభావము స్వల్పమే. అయినను మన పంపరపనస ఆ పండునకు దగ్గఱి చుట్టము. ఎప్పుడో యొక తొనకు భయము లేదు. దినదినము రసము పిండి త్రాగు నలవాటున్నవారు మాత్రము వైద్యునితో చెప్పుట మంచిది.

మందులషాపునొద్ద జాగ్రత్త యింకను ముఖ్యము. ఈ మందు వందలకొలది వ్యాపారనామములతో వచ్చుచున్నది. టెల్మిసార్టాన్‌తోను, అటెనొలాల్‌తోను కలిపిన జంటమాత్రలును గలవు. ఒక వైద్యుడు వ్రాసిన పేరులోను, వేఱొక వైద్యుడు వ్రాసిన పేరులోను అమ్లోడిపినే యుండగా రెండును వాడి కళ్ళుతిరిగి పడినవారు కలరు. అట్టమీద పెద్దయక్షరములలోని పేరు కాదు, దానిక్రింద చిన్నయక్షరములలో నున్న పేరు చదువవలెను. మఱియొకటి: ఎస్-అమ్లోడిపిన్ అని అమ్ముచున్నది ఈ మందులోని పనిచేయు సగభాగము. అది 2.5 మిల్లిగ్రాములైన నిది 5 మిల్లిగ్రాములతో సమానము. షాపువాడు ఒకదానికి బదులు మఱొకటి యిచ్చినపుడు అంకె మాత్రము చూచి మోసపోరాదు.

ధర విషయమున చింత లేదు. మనదేశపు అత్యవసర మందుల పట్టికలో నిది కలదు. ధరకు ప్రభుత్వము పరిమితి విధించినది. 2017లో ఆరంభమైన జాతీయ రక్తపుపోటు నియంత్రణ ప్రయత్నములో మొదటి అయిదు రాష్ట్రములలో తెలంగాణ మొకటి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో పోటు కొలిచి మాత్రలు ఉచితముగా నిచ్చుట అందలి భాగము. మాత్ర దొరకక మానువారికంటె, దొరకియు మానువారే మాకు ఎక్కువగా కనబడుచున్నారు.

ఉదయమా, రాత్రియా యని కొందఱడుగుదురు. బ్రిటనులో 21,000 మందికి పైగా పాల్గొనగా 2022లో ఫలితము తేలిన పరీక్షలో, పోటుమాత్రలను ఏ వేళ వేసికొన్నను గుండెపోటు, పక్షవాతములలో భేదము కానరాలేదు. మఱువని వేళయే మంచి వేళ. వార్తలవేళ కలవాటైనవారు ఆ వేళకే వేసికొనవచ్చును. ఆహారముతో పనిలేదు, పరగడుపునను వేసికొనవచ్చును. ఏకాదశినాడును శివరాత్రినాడును ఉపవాసమని మాత్రను గూడ మాను తల్లులు మన యిండ్లలో గలరు. ఆ దినమున గ్రుక్కెడు నీళ్ళతో మాత్ర మ్రింగుటకు అభ్యంతరమున్నదేమో ఇంటి పురోహితుని ముందుగనే యడిగియుంచుట మేలు. మే మడిగినవారిలో ఒక్కరును కూడదనలేదు.